అక్టోబరు చుట్టాలు

బసీల్,
8 సెప్టెంబరు 1974

తమ్ముడూ తెయో,

ఈస్టరుకి నువ్వు పంపిన కార్డు తర్వాత నీ చేతిరాత చూడలేదు. రొయ్యలు అమ్మడానికి మీ సముద్రం వైపు నుంచి వచ్చే క్లోవిస్‌ని అడిగాను. "బాగానే ఉన్నాడు, వలలు కుట్టుకుంటున్నాడు, గడ్డం పెంచాడు" అన్నాడు. గడ్డం సంగతి నాకు నచ్చలేదు. నాన్నకి గడ్డం ఉన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక కీడు జరిగేది.

ఇక్కడ వరికోతలు అయిపోయాయి. మీ బావ పోయాక కోతల రోజుల్లో ఇంత నిశ్శబ్దంగా ఉండటం నాకింకా అలవాటు కాలేదు. వెర్నా పిల్లలతో హ్యూస్టన్ నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. మనవలకి మన ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. నాకు వాళ్ల ఇంగ్లీషు అందదు, అంత వేగంగా మాట్లాడతారు. ఒకరినొకరం చూసి నవ్వుకుంటూ కూర్చున్నాం.

అసలు విషయం చెప్తాను. జనెల్ అని ఫ్రూజే వాళ్ల పిల్ల, లాఫయెట్ కాలేజీలో చదువుతోంది, పోయిన నెల మా ఇంటికొచ్చింది. మగవాళ్ల ప్యాంటు, నడుం దాకా జుట్టు, భుజాన టేపు రికార్డరు. "మీరు ఫిడేలు వాయిస్తారని విన్నాను" అంది, ఫ్రెంచిలోనే. కాని అదెలాంటి ఫ్రెంచి అనుకున్నావు, బిషప్పుగారు శవం దగ్గర మాట్లాడుతున్నట్టుంది. "మామూలుగా మాట్లాడమ్మా, ఈ ఇంట్లో ఇవాళ ఎవరూ పోలేదు" అన్నాను. సిగ్గుపడి నవ్వింది. కాలేజీలో నేర్చుకుందట. వాళ్లింట్లో అమ్మానాన్నలు నేర్పలేదు. నేను మాత్రం వెర్నాకి నేర్పానా? బళ్లో ఆ భాష మాట్లాడినందుకు మనల్ని మొక్కజొన్న గింజల మీద మోకాళ్లేయించారు. ఆ నొప్పి పిల్లలకెందుకులే అనుకున్నాం. ఇప్పుడు చదువుకున్న పిల్లలు దాని కోసం మన గుమ్మాలెక్కుతున్నారు. నీకూ నాకూ నోటికి ఒక భాష, కాగితానికి ఇంకో భాష అయిపోయింది. నా ఇంగ్లీషులో తప్పులుంటే సర్దుకుని చదువుకో.

అక్టోబరు మూడో శనివారం లాఫయెట్‌లో పెద్ద హాల్లో పాత పాటల సభ పెడుతున్నారు. రేడియోలో కూడా వస్తుందట. నన్ను నాన్న పాట, ఆ వాల్స్, వాయించమన్నారు. నన్ను, తెయో. డాన్సు హాళ్లలో ఆడవాళ్లు వాయించకూడదన్న రోజుల్లో పుట్టిన దాన్ని. మొదటి సగం నాకొచ్చు. మలుపు తిరిగి కిందికి దిగే ఆ రెండో సగం నీది. నాన్న అది నీకు నేర్పుతున్నప్పుడు నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను.

నీ అకార్డియన్ పెట్టె అల్మరాలో, అమ్మ కుట్టిన బొంతలో నువ్వు చుట్టి వెళ్లినట్టే ఉంది. నువ్వు వస్తే చాలు.

నీ అక్క,
అజెలీ


గ్రాండ్ షెనియేర్,
20 సెప్టెంబరు

అక్కా,

ఉత్తరం అందింది. గడ్డం తీసేశాను.

నిన్ను పిలిచారంటే సంతోషంగా ఉంది. నేను రాలేను. అక్టోబరులో నాకు చుట్టాలు వస్తారు. ఏటా వస్తారు. ఉత్తరపు గాలి లేచేదాకా ఉంటారు, ఆ తర్వాత వెళ్లిపోతారు. ఆ రోజుల్లో నేను ఇల్లు వదలను. నా కోసం ఎదురు చూస్తారని కాదు. నేనే ఉండాలనుకుంటాను.

రెండో సగం ఎవరైనా పాత వాళ్లని అడుగు. ఎవరికో ఒకరికి గుర్తుండే ఉంటుంది.

రొయ్యలు ఈ ఏడు చిన్నవి. వాన లేదు.

తెయో


బసీల్,
27 సెప్టెంబరు

ఒరేయ్ తెయో,

ఏటా వస్తారా? ఏటా వస్తుంటే నాకు ఇప్పుడా చెప్పడం?

ఆవిడ ఎవరు, పేరేమిటి, ఏ ఊరు, ఏమీ రాయలేదు. "చుట్టాలు" అన్నావు కాబట్టి పిల్లలు కూడా ఉన్నారనుకుంటున్నాను. విధవా? విధవైతే ఫాదర్‌గారితో చిక్కు లేదు. ఉత్తరపు గాలి లేవగానే వెళ్లిపోవడమేమిటి, ఆవిడకి అక్కడెక్కడైనా ఉద్యోగమా? నాకు నిజంగా సంతోషంగా ఉంది. నువ్వు కట్టుకున్న ఒలియా మంచి పిల్ల, నేనూ మరిచిపోలేదు. కాని పదిహేడేళ్లు ఒక్కడివే ఆ గాలిలో కూర్చుంటే దేవుడు కూడా ఇక చాల్లే అంటాడు.

అక్కకి చెప్పకుండా దాచావని కొంచెం బాధపడ్డాను. ఆ బాధ మొన్న మంగళవారంతో పోయింది.

క్లోవిస్ చేత అత్తిపళ్ల పాకం సీసాలు పంపిస్తున్నాను. ఒక దుప్పటి కూడా. ఇది అమ్మ గోధుమరంగు పత్తితో నేసింది, వెర్నా పెళ్లికిస్తే "హ్యూస్టన్‌లో దీన్ని ఎక్కడ పరుస్తానమ్మా" అని వదిలేసింది. ఆవిడకి ఇవ్వు. మీ ఆడబిడ్డ పంపిందని చెప్పు.

సభకి ఆవిణ్ణి కూడా తీసుకురావచ్చు. ఆలోచించు.

అజెలీ


గ్రాండ్ షెనియేర్,
12 అక్టోబరు

అక్కా,

నువ్వు రాసింది అర్థం కావడానికి మూడుసార్లు చదవాల్సి వచ్చింది. ఆ తర్వాత నవ్వాను. క్లోవిస్ కిటికీలోంచి చూసి "ఏమైంది" అన్నాడు. వాడు నన్ను నవ్వగా చూడలేదు మరి.

ఆవిడ లేదు. అత్తిపళ్ల పాకం నేనే తింటున్నాను. నా చుట్టాలకి మాంగ్లియే పూల తేనె చాలు. జ్వరమొస్తే అమ్మ కాచి, ముక్కు మూసి తాగించేదే, ఆ చేదు మొక్క. ఇక్కడ దిబ్బ పొడవునా ఉంది. అక్టోబరులో తెల్లగా పూస్తుంది. అప్పుడు ఉత్తరం నుంచి సీతాకోకచిలుకలు వస్తాయి. నారింజ రంగువి, నల్ల ఈనెలవి. ఓక్ కొమ్మలకి గుత్తులుగా వేలాడి పడుకుంటాయి. కొమ్మ ఎండుటాకులతో నిండిపోయినట్టుంటుంది. ఎండ తగలగానే ఆ ఆకులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఉత్తరపు గాలి బలంగా వీచిన రోజున సముద్రం మీదికి వెళ్లిపోతాయి. ఎక్కడికో ఎవరికీ తెలియదు. నూనె బావుల ప్లాట్‌ఫారాల మీద పనిచేసేవాళ్లు చెప్తారు, ఒడ్డు కనబడనంత దూరంలో ఇనుప నిచ్చెనల మీద వాలి ఉంటాయట.

కెనడాలో ఒక ప్రొఫెసరుగారు వాటి దారి కనిపెట్టడానికి చిన్న చిన్న కాగితం చీటీలు పంపుతారు. రెక్క అంచున ఉన్న పొడిని వేలితో తుడిచి, చీటీ అంటించి వదలాలి. పేపర్లో చూసి నేనూ రాశాను. రెండేళ్లయింది. నేనంటించిన వాటిలో ఒక్కటి గురించీ ఇంతవరకూ కబురు లేదు.

నీ దుప్పటి వెనక్కి పంపాలా? చలి పెరిగింది, కప్పుకుంటున్నాను.

తెయో


బసీల్,
27 అక్టోబరు

తెయో,

దుప్పటి ఉంచుకో.

పురుగుల కోసం రానన్నావు. బసీల్ అంతా నేను చెప్పుకున్నాను, మా తమ్ముడికి సంబంధం కుదిరిందని. ఇప్పుడు చర్చి దగ్గర ఒక్కొక్కరూ "పెళ్లెప్పుడు" అంటుంటే సీతాకోకచిలుకలని చెప్పనా?

సభ గురించి నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను. ఆ హాలు మనం పశువుల సంతకి వెళ్లేవాళ్లం చూడు, అంతుంది. స్టేజి మీద దీపాలు కళ్లలో పడి జనం కనబడలేదు, చీకట్లోంచి దగ్గులు వినబడ్డాయి. నా పక్కన జనెల్ కూర్చుంది, నీ పెట్టె ఒళ్లో పెట్టుకుని. అవును, ఇచ్చాను. నువ్వు రానన్నాక నిన్ను అడగలేదు. వీధి గుమ్మంలో కూర్చోబెట్టి నెల రోజులు నాకు తెలిసినంత నేర్పాను. తిట్టదలుచుకుంటే తిట్టు.

రెండో సగం ఎవరికీ గుర్తులేదు. నువ్వు చెప్పిన పాత వాళ్లలో సగం మంది మట్టిలో ఉన్నారు. కళ్లు పోయిన ఓజెమ్‌ని అడిగితే "అది తెయోది కదా, తెయోని అడుగు" అన్నాడు. అందుకని మొదటి సగమే మళ్లీ మళ్లీ వాయించి దించేశాం. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కుంటి గుర్రానికి బహుమతి ఇచ్చినట్టనిపించింది నాకు. ఇంటికొచ్చి, గౌను కూడా మార్చుకోకుండా వంటింట్లో కూర్చున్నాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు.

ఒక్క మాట రాసి ఆపేస్తాను. నీ సీతాకోకచిలుకలకి దారి ఎవరూ నేర్పక్కర్లేదు. తల్లి ముఖం చూడకుండానే పుట్టి ఎగిరి వెళ్తాయి. మనకి అలా కాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని నేర్పాలి. నేర్పకపోతే అక్కడితో అయిపోతుంది. నువ్వు పోతే నాన్న పాటలో సగం నీతో పోతుంది. నీకది పట్టినట్టు లేదు.

అజెలీ


గ్రాండ్ షెనియేర్,
2 ఫిబ్రవరి 1975

అక్కా,

చాలాసార్లు రాసి చింపాను. నువ్వన్నట్టు, కాగితం మీద మాట నాకు కుదరదు.

సభ రేడియోలో విన్నాను. నీ ఫిడేలు గుర్తుపట్టాను, మొదట కొంచెం వణికింది, తర్వాత నిలబడింది. నాన్న వింటే టోపీ తీసి గోడకి తగిలించేవాడు. ఆ పెట్టె మాట వేరు. ఆ పిల్ల చేతిలో అది అలా ఉండకూడదు.

పదిహేడేళ్ల కిందటి ఆ తుఫాను తర్వాత సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీరంతా ఒలియాని పూడ్చి వెళ్లిపోయారు. మా పాప లినెట్ కోసం నేను వెతుకుతూనే ఉన్నాను. బురద ఎండింది, చచ్చిన పశువుల వాసన పోయింది, సాయం చేయడానికి వచ్చిన సైనికులు వెళ్లిపోయారు. దిబ్బ మీద ఒక్క పిట్ట లేదు. ఉప్పునీటికి ఓక్ చెట్లు మాడిపోయి ఉన్నాయి. మాంగ్లియే ఒక్కటే పూసింది. ఒక ఉదయం వెతకడానికి బయల్దేరితే ఆ పొదలన్నీ కదులుతున్నాయి. గాలి లేదు, పొదలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్లి చూశాను. ఆ రోజు వెతకలేదు. సాయంత్రం దాకా వాటి మధ్య కూర్చున్నాను. నాలుగు నెలల తర్వాత ఆ ఒడ్డుకి బతికి వచ్చినవి అవే. అందుకని అవి వచ్చినప్పుడు నేనిక్కడ ఉంటాను. అంతకన్నా కారణం లేదు.

నేర్పడం గురించి నువ్వు రాసింది నిజమే.

తెయో


బసీల్,
16 ఫిబ్రవరి

తమ్ముడూ,

నీ ఉత్తరం పోయిన వారం అందింది. మొన్న మార్దీ గ్రా పండగనాడు ముసుగులేసుకున్న కుర్రాళ్లు గుర్రాల మీద వచ్చి గంబో పులుసుకి కోడినడిగితే, కోడినిచ్చి తలుపేసుకున్నాను. ఏటా వాళ్లతో ఒక పాటైనా పాడేదాన్ని.

ఆ పెట్టె నీది. ఆ పిల్ల చేతిలో ఉండకూడదన్నావు, సరే. అడగకుండా ఇవ్వడం నాదే పొరపాటు. జనెల్‌కి చెప్పాను. ఏడ్చింది. "నేనే తీసుకెళ్లి ఇస్తాను, ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలి" అంది. వచ్చే నెల కాలేజీ సెలవుల్లో వస్తుంది. దాన్ని గుమ్మంలోంచే పంపెయ్యకు, చాలా దూరం నుంచి వస్తుంది. కాస్త కాఫీ ఇవ్వు.

బొంతలోనే చుట్టి పంపిస్తున్నాను.

అజెలీ


గ్రాండ్ షెనియేర్,
6 ఏప్రిల్

అక్కా,

నీకు నా ఇంగ్లీషు అర్థం కాలేదో, నాకు రాయడం రాలేదో తెలియదు. ఆ పిల్ల గుమ్మం ముందు పెట్టె దించి, చేతులు కట్టుకుని, "మన్నించండి మిస్యూ తెయో, ఇది మీకు చెందినది" అంది. నిజమే, బిషప్పుగారిలాగే ఉంది.

"తిరిగిమ్మని ఎవరన్నారు?" అన్నాను.

"నా చేతిలో ఉండకూడదన్నారట కదా."

"అలా ఉండకూడదన్నాను. లాగాల్సిన చోట తోస్తున్నావు, తోయాల్సిన చోట లాగుతున్నావు. ఆవు పొదుగు పితుకుతున్నట్టు వాయిస్తే ఆ పెట్టె రెండేళ్లలో చచ్చిపోతుంది."

నోరు తెరిచి నన్ను చూసింది. తర్వాత అంది, "అయితే ఎలా లాగాలి?"

చూపించడానికి చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది, అక్కా. తీసుకున్నాక వాయించాల్సి వచ్చింది. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, వలల తాళ్లకి అలవాటు పడినవి. రెండో సగం మాత్రం వాటికి గుర్తుంది. ఆ పిల్ల వారం రోజులుంది, పక్కింటి మదాం మియేర్ దగ్గర పడుకుని పొద్దున్నే వచ్చేది. మొండిది. ఒక మలుపు దగ్గర "నాకు రావడం లేదు" అని పెట్టె కింద పెట్టి, చెప్పులు లేకుండా సముద్రం దాకా నడిచి వెళ్లి తిరిగొచ్చి, మళ్లీ మొదలెట్టేది. శుక్రవారం నాటికి వచ్చేసింది. పెట్టె దానికే ఇచ్చి పంపాను. బొంత కూడా.

ఇప్పుడు ఇంకొకటి. జూన్ నెలలో నువ్వు ఫిడేలు ముట్టవని జనెల్ చెప్పింది. ఎందుకంటే చేతులు నొప్పి అంటావట. మిగతా నెలల్లో నొప్పి లేని చేతులు జూన్‌లోనే ఎందుకు నొప్పి పుడతాయో నాకు తెలుసు.

తుఫాను ఏడు వెర్నా పెళ్లి శనివారం అయింది. సోమవారం వెళ్తానన్నాను. "పెళ్లికొడుకు వాళ్లు ఇంకో రోజు డాన్సు పెట్టమంటున్నారు, గురువారం దాకా ఉండరా" అన్నావు. అవును, అన్నావు. కాని నన్ను కట్టేసి ఉంచలేదు. జనం నా పెట్టెకి ఆడుతున్నారు, నాకు బాగుంది, అందుకని ఉన్నాను. తుఫాను సాయంత్రానికి అని రేడియో చెప్పింది, నీళ్లు తెల్లవారకముందే వచ్చాయి. ఇంట్లో ఉంటే నేనూ ఒలియా వాళ్లతో పాటు పడుకునే ఉండేవాణ్ణి. ఇన్నేళ్లూ నీ ఇంటికి రానిది నీ మీద కోపంతో అని నువ్వనుకుంటున్నావని ఆ పిల్ల చెప్పేదాకా నాకు తట్టలేదు. నీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. మీ ఇంట్లో డాన్సు జరిగిన ఆ పందిరి కింద నేను చివరిసారి సంతోషంగా ఉన్నాను. అది చూడలేక రాలేదు.

సీతాకోకచిలుకలు దక్షిణం నుంచి వెనక్కి వస్తున్నాయి. రంగు వెలిసి, రెక్కలు చిరిగి ఉంటాయి. గుడ్లు పెట్టి ఇక్కడే పడిపోతాయి.

ఆ పిల్ల వెళ్లాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ముందు కూడా ఇంతే ఉండేది కాబోలు.

తెయో


బసీల్,
4 మే

తమ్ముడూ,

నీ ఉత్తరం ఎలా చదివానో రాయను. చదివాను.

నిన్న మా ఇంట్లో పది మందిని పిలిచాను. బల్లలన్నీ గోడకి జరిపాం. పెద్ద కుండలో గంబో పెట్టాను. మీ బావ పోయాక ఆ కుండ దించడం ఇదే మొదలు. జనెల్ కిటికీ పక్కన కూర్చుంది, నేను దాని ఎదురుగా.

మొదటి సగం మామూలుగా నడిచింది. మలుపు రాగానే ఆ పిల్ల తల వంచి, పెట్టె లోపలికి తోసి, ఆపి, ఒక్క ఊపిరి తర్వాత వదిలింది. నువ్వు ఆపే చోటే. నా కమాను ఆగిపోయింది. ఆ పిల్ల నా వైపు చూసింది గాని ఆగలేదు. ఆగొద్దని నువ్వే నేర్పి ఉంటావు. ఒక్కతే చివరిదాకా తీసుకెళ్లింది. ముసలివాళ్లు భార్యల్ని పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు.

ఓజెమ్ వంటింట్లో గంబో తింటున్నాడు. చెంచా పక్కన పెట్టిన చప్పుడైంది. "తెయో వచ్చాడా?" అని అడిగాడు. "ఎప్పుడొచ్చాడు? నాకెవరూ చెప్పలేదేం?"

  జనెలే వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని, తన చెయ్యి తడిమి చూసుకోనిచ్చింది. చాలాసేపు ఆ వేళ్లని వదల్లేదు ఆయన.

అందరూ వెళ్లాక గిన్నెలు కడుగుతూ ఒక నిర్ణయానికొచ్చాను. నువ్వు ఈ పందిరి చూడలేవు, సరే. నేను ఆ సముద్రం చూడలేనని ఒలియా అంత్యక్రియల తర్వాత మళ్లీ అటు రాలేదు. నువ్వూ రాక నేనూ రాక ఎన్నాళ్లు. జూన్‌లో వస్తున్నాను. ఆ వారంలోనే. ఫిడేలు తెస్తాను. వద్దనాలనుకుంటే రాయకు, నీ ఇంగ్లీషు నాకెలాగూ అర్థం కాదు.

వంట నేను చేస్తాను.

నీ అక్క,
అజెలీ


గ్రాండ్ షెనియేర్,
13 మే

అక్కా,

లేక్ చార్లెస్‌లో బస్సు దిగాక పోస్టు వ్యాను పక్క సీట్లో ఎక్కు. నడిపేవాడు మదాం మియేర్ అల్లుడు, చెప్పి ఉంచాను. దారంతా మాట్లాడతాడు, నువ్వు వినక్కర్లేదు. పెద్ద కాలువ దగ్గర పంటు పడవ మీద దాటాలి. భయపడకు, నీళ్లు అక్కడ కదలవు. ఎడం వైపు చూడు, కొంగలుంటాయి. కుడి వైపు సమాధులు కనబడతాయి. అప్పుడు చూడకు, తర్వాత ఇద్దరం కలిసి వెళ్దాం.

దోమలు ఎక్కువ. పొడుగు చేతుల గౌన్లు తెచ్చుకో. బియ్యం తేవద్దు, ఉన్నాయి. కాఫీ తీసుకురా, ఇక్కడిది మట్టిలా ఉంటుంది.

రేవులో ఓక్ చెక్క కొంత దొరికింది, ఆవుతోలు క్లోవిస్ ఇస్తానన్నాడు. ఇంట్లో ఒకటే కుర్చీ ఉందక్కా. రెండోది మొదలుపెట్టాను.

తెయో